పాత తెరచాప పడవకి కొత్త రెయిలింగ్: తీగతో మొదలై డెక్ కిందకి దిగిన పని

పడవ 27 అడుగులది, ఫైబర్‌గ్లాస్, 1970ల చివర్లో కట్టింది. సియాటిల్‌లో షిల్‌షోల్ బే మెరీనాలో ఉంటుంది. పక్కకి మూడేసి స్టాంచన్లు, అంటే తీగని మోసే నిలువు స్టీలు గొట్టాలు. వాటి మీదుగా ముందు పల్పిట్ నుంచి వెనక పుష్‌పిట్ దాకా (పడవ రెండు కొనల్లో ఉండే స్టీలు గొట్టాల కంచెలివి) తెల్ల ప్లాస్టిక్ తొడుగున్న ఒకే ఒక్క తీగ, డెక్ నుంచి 450 మి.మీ. ఎత్తులో. తెరచాప పడవల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ సెయిలింగ్ వాళ్ల ఆఫ్‌షోర్ (తీరానికి దూరంగా వెళ్లే పడవల) నిబంధనల ప్రకారం 8.5 మీటర్ల లోపు పడవకి ఈ ఎత్తు, ఈ ఒక్క తీగ చాలు. కానీ నాకది మోకాలి కింద తగులుతుంది. అలాంటి తీగ మనిషిని ఆపదు, కాలికి అడ్డం పడి తలకిందులుగా నీళ్లలోకి పంపిస్తుంది.

ఇక్కడ నీళ్లు చలికాలంలో 8 డిగ్రీల సెల్సియస్, వేసవిలో 13 దగ్గర. కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్క ఇక్కడి సెయిలర్లందరికీ తెలిసిందే: చన్నీళ్లలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికొచ్చేది ఇంకో 10 నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు 1 గంట. మా పడవలో పెద్దవాళ్లం ఇద్దరమే, పాపకి తొమ్మిదేళ్లు. నేను పడితే మా ఆవిడ ఒక్కతే తెరచాప దించి, ఇంజను వేసి, పడవ వెనక్కి తిప్పి, 80 కిలోల తడిసిన మనిషిని పైకి లాగాలి, అదీ ఆ 10 నిమిషాల్లో, పాపని ఒక కంట కనిపెట్టుకుంటూ. అందుకే ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే, ఎవరూ పడవ దాటి బయటికి పోకూడదు.

దశ 1: విప్పే ముందు కొలతలు

కొనడం కన్నా ముందు కొలవండి. తర్వాత ఏది బాగుపడిందో, ఏది పడలేదో చెప్పేవి ఈ అంకెలే.

1. రెండు స్టాంచన్ల మధ్య తీగకి 4 కిలోల బరువు వేలాడదీసి ఎంత దిగిందో టేపుతో చూడాలి. ఆఫ్‌షోర్ నిబంధనల్లో పై తీగకి హద్దు 50 మి.మీ. బరువుకి 4 లీటర్ల నీళ్లు సరిపోతాయి. ఇక్కడి షాపుల్లో దొరికే గ్యాలన్ డబ్బా 3.8 లీటర్లే, కాబట్టి డబ్బా బరువుతో సహా తూచుకోండి.
2. సూట్‌కేసులు తూచే చేతి కాటాని స్టాంచన్ పైకొనకి తగిలించి, పడవ లోపలి వైపుకి 20 కిలోలు లాగి, కొన ఎంత కదిలిందో చూడాలి.
3. స్టాంచన్ పాదం చుట్టూ డెక్‌ని ప్లాస్టిక్ సుత్తితో తడుతూ వినాలి. టక్ టక్ మంటే గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా మోగితే లోపల తేడా ఉన్నట్టు.

తీగ 85 మి.మీ. దిగింది. ఊహించిందే. స్టాంచన్లు ఆరింటిలో నాలుగు 8 నుంచి 11 మి.మీ. కదిలాయి. ఎడమ వైపు మధ్యది 31 మి.మీ. కదిలింది, పైగా లాగినప్పుడు దాని పాదం ఒక అంచున లేచి, బోల్టు పక్కనుంచి కాఫీ రంగు నీళ్లు బుడగలుగా బయటికొచ్చాయి, వదిలితే మళ్లీ లోపలికి పోయాయి. వాన పడి అప్పటికి చాలా రోజులైంది. అంటే ఆ నీళ్లు డెక్ లోపల కాపురం ఉంటున్నాయి. కుడి వైపు వెనకది కూడా సుత్తికి మొద్దుగానే మోగింది.

తీగ చివర్లలో ప్లాస్టిక్ తొడుగు కోసి చూస్తే, ఫిట్టింగు నోటి దగ్గర స్టీలు పొరలు పొరలుగా ఉంది, మూడు పోగులు తెగి ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దానికి గాలి తగలాలి. తొడుగు కింద ఉప్పునీరు నిలిచి గాలి అందకపోతే లోపల్లోపలే తినేస్తుంది, పైకి మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. తొడుగున్న తీగలు ఎవరి పడవలో ఉన్నా, ఎంత కొత్తగా కనిపించినా, చివర్లు కోసి చూడమనే చెబుతాను.

ఖర్చు: కాటా, సుత్తి 38 డాలర్లు. మొత్తం: 38.

దశ 2: డెక్ లోపల

ఈ దశకే ఎక్కువ సమయం పట్టింది. డెక్ అంటే పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకొకటి, మధ్యలో చెక్క. బోల్టు రంధ్రం చుట్టూ నీళ్లు దిగకుండా వేసే సీలెంట్ చచ్చిపోతే నీళ్లు నేరుగా ఆ చెక్కలోకే వెళతాయి.

స్టాంచన్ మీద పడే బలం లెక్క ఒకసారి చూడండి. 600 మి.మీ. ఎత్తులో 100 కిలోల బలం పక్కకి తగిలితే, పాదంలో లోపలి బోల్టులకీ బయటి అంచుకీ మధ్య దూరం సుమారు 60 మి.మీ. అనుకుంటే, ఆ బోల్టుల మీద పైకి లాగే బలం 100 × 600 ÷ 60, అంటే 1000 కిలోలు. మనిషి వేగంగా వచ్చి తగిలితే ఇంకా ఎక్కువ. మా పడవలో ఆ బోల్టుల కింద ఉన్నవి 20 మి.మీ. వాషర్లు. అవి ఫైబర్‌గ్లాస్‌లోకి గిన్నెల్లా దిగిపోయి ఉన్నాయి. తీగ మార్చేసి ఊరుకుంటే పైకి అంతా కొత్తగా ఉండేది, కింద మాత్రం ఆ కుళ్లిన చెక్కా ఆ వాషర్లే ఉండేవి.

కొన్ని నట్లు క్యాబిన్ లోపలి లైనర్ వెనక ఉన్నాయి, చెయ్యి పట్టదు. అక్కడ 90 మి.మీ. రంధ్రం కోసి, తర్వాత గుండ్రటి ప్లాస్టిక్ మూత బిగించాను. ఇకముందు బోల్టులు చూసుకోవడానికి కూడా అవే దారులు.

ప్రతి రంధ్రానికీ చేసిన పని:

1. వంచిన అలెన్ కీని డ్రిల్లుకి తగిలించి, రెండు పొరల మధ్య చెక్కని రంధ్రం చుట్టూ 12 మి.మీ. వెడల్పున తవ్వడం.
2. ఆరబెట్టడం. పైన టార్పాలిన్ గుడారం, లోపల చిన్న ఫ్యాన్. సియాటిల్ గాలిలో ఇది రోజుల్లో అయ్యే పని కాదు, వారాలు పడుతుంది.
3. కింద టేపు వేసి, ముందు పలచని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి చెక్కకి పట్టించడం, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో నింపడం.
4. గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలోంచి మళ్లీ రంధ్రం వేయడం, పై అంచుని కొద్దిగా ఏటవాలుగా చెక్కడం. సీలెంట్ ఆ పల్లంలో ఉంగరంలా కూర్చుంటుంది.

ఎపాక్సీ రెండు రకాలుగా ఏడిపించింది. పెద్ద గుంటని ఒకేసారి నింపితే అది తన వేడికి తానే ఉడికి, పొగ వచ్చి, నురగగా గట్టిపడింది. మొత్తం తవ్వి తీయాల్సి వచ్చింది. తర్వాత నుంచి రెండు మూడు పొరలుగా పోశాను. రెండోది చలి: రాత్రి 6 డిగ్రీలకి పడిపోయిన వారంలో పోసిన పొర జిగురుగానే ఉండిపోయింది. దాని కింద మామూలు బల్బు దీపం పెట్టి 20 డిగ్రీలు నిలబెడితే గాని దారికి రాలేదు. ఎపాక్సీ డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత మాట వినండి.

ఎడమ మధ్య స్టాంచన్ దగ్గర మాత్రం రంధ్రాలు తవ్వితే సరిపోలేదు. అలెన్ కీ ఎంత లోపలికి వెళ్లినా తడి రంపపు పొట్టే వచ్చింది. పై పొరని 220 × 160 మి.మీ. మేర కోసి తీసి, కుళ్లిన చెక్కంతా గీకేసి, మెరైన్ ప్లైవుడ్ ముక్క ఎపాక్సీతో అతికించి, పైన మూడు పొరలు గ్లాస్ గుడ్డ వేశాను.

వాషర్ల బదులు 6 మి.మీ. జీ10 పలకలు వాడాను, ఇది గ్లాసూ ఎపాక్సీ కలిపి నొక్కిన గట్టి షీటు. అల్యూమినియం చవక, కానీ స్టెయిన్‌లెస్ బోల్టుతో కలిసి ఉప్పుతేమలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. జీ10 కోసేటప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. గుడ్డ మాస్కు చాలదు, ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోండి. డెక్ అడుగు భాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి పలకల్ని చిక్కటి ఎపాక్సీ మీద కూర్చోబెట్టాను, లేకపోతే అంచులు మాత్రమే ఆనుతాయి.

సీలెంట్‌గా బ్యూటైల్ టేపు, రబ్బరు ముద్దలా మెత్తగా అంటుకునేది. ఒకేసారి బిగించేయకూడదు. కొంచెం బిగించి, పక్కలకి పిండుకొచ్చింది కోసేసి, మర్నాడు ఇంకొంచెం. బోల్టు తలని పైన తిప్పకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పాలి, బోల్టు తిరిగితే సీలు చెదురుతుంది. స్టెయిన్‌లెస్ నట్లు బోల్టుల మీద పట్టేసుకుంటాయి, అందుకే మరలకి యాంటీ-సీజ్ పేస్టు పూశాను.

ఖర్చు: ఎపాక్సీ, సిలికా 146, జీ10 షీటు 92, బ్యూటైల్ 24, 316 రకం (ఉప్పునీటికి బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్) బోల్టులు 71, అసిటోన్ లాంటివి 45. మొత్తం: 416.

దశ 3: ఎత్తు పెంచిన స్టాంచన్లు

కొత్తవి 610 మి.మీ., అంటే 24 అంగుళాలు. 30 అంగుళాలవి కూడా దొరుకుతాయి, ఎత్తు పెరిగేకొద్దీ పాదం మీద పైన చెప్పిన లెక్క కూడా పెరుగుతుంది కాబట్టి 24 దగ్గరే ఆగాను. ఈ ఎత్తు నాకు మోకాలి పైకి వస్తుంది, మా ఆవిడకి తొడ మధ్యకి. మనిషి బరువు కేంద్రం నడుము దగ్గర ఉంటుంది గనక ఇది కూడా పూర్తి భరోసా ఏం కాదు. ఆ సంగతి దశ 5లో.

ఎక్కేచోట గేటు ఉంది: మూడో స్టాంచన్‌కీ పుష్‌పిట్‌కీ మధ్య. గేటు తెరిచినప్పుడు ఆ స్టాంచన్ మీద తీగ లాగుడు ఒకవైపే ఉంటుంది. ముందు అక్కడ మామూలు స్టాంచనే పెట్టి చూశాను. గేటు తీయగానే దాని పైకొన 14 మి.మీ. ముందుకి ఒరిగి, ముందు తీగంతా వదులైపోయింది. వాటిని వెనక్కిచ్చి, పక్కన ఆసరాగా ఇంకో వాలు కాలు ఉన్నవి రెండు తెప్పించాను. ఇప్పుడు కదలిక 2 మి.మీ.

20 కిలోల లాగుడు పరీక్ష మళ్లీ చేస్తే ఆరూ 5 నుంచి 7 మి.మీ. లోపే. 31 కదిలినది 6కి వచ్చింది.

ఇంకో సంగతి. స్టాంచన్లని పాడుచేసేది తుఫానులు కాదు, జెట్టీ మీదనుంచి ఎక్కేవాళ్లు. పైకొన పట్టుకుని ఒంటి బరువంతా వేసి ఎక్కుతాం, ప్రతిసారీ పాదం కాస్త కాస్త ఊగుతుంది, సీలు తెగుతుంది. "ఏవండీ, అది పట్టుకోకపోతే ఇక దేన్ని పట్టుకుని ఎక్కమంటారు?" అని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్న. మాస్టుని పక్కనుంచి పట్టి ఉంచే లావు తీగ, ష్రౌడ్, దాన్ని పట్టుకుని ఎక్కేలా జెట్టీ మీద మెట్టుపీటని ముందుకి జరిపాను. ఇప్పుడు వచ్చిన చుట్టాలకి కూడా మొదట చూపించేది అదే.

ఖర్చు: మామూలువి 4 × 64, వాలు కాలువి 2 × 128. మొత్తం: 928.

దశ 4: తీగలు

తొడుగు లేని 4 మి.మీ. 316 స్టెయిన్‌లెస్, 1×19 అల్లిక (19 పోగులు కలిపి పేనింది), పైనొకటి మధ్యలో ఒకటి. మా సైజుకి నిబంధనల్లో 3 మి.మీ. చాలు. డైనీమా అనే సింథటిక్ పోగుల తాడు కూడా చూశాను, తేలిక, బలం, చేత్తో అల్లుకోవచ్చు. కానీ స్టాంచన్ రంధ్రాల దగ్గర రాపిడికి అది నలుగుతుంది, ఎండకి బలం తగ్గుతుంది, ఎంత తగ్గిందో కంటితో చెప్పడం కష్టం. స్టీలు తీగైతే తుప్పు మరకో, లేచిన పోగో కనిపిస్తుంది. గుడ్డముక్కతో తుడిస్తే పోగు గుడ్డకి తగులుకుంటుంది.

చివర్లకి ఫిట్టింగులు అద్దె పరికరంతో నొక్కాను. నొక్కేముందు తీగ ఫిట్టింగులోకి ఎంత వెళ్లాలో మార్కరుతో గీత పెట్టుకోండి, లేకపోతే నొక్కేటప్పుడు జారి బయటికొచ్చినా తెలియదు.

వెనక కొనలకి టర్న్‌బకిల్ (తిప్పి తీగ బిగించే మర) బదులు డైనీమా దారంతో చుట్లు వేశాను. నిబంధన ప్రకారం ఈ ఖాళీ 100 మి.మీ. దాటకూడదు. కారణం ఉంది: ఎవరైనా నీళ్లలో పడితే కత్తితో ఒక్క కోత కోస్తే తీగ కిందకి పడిపోతుంది, మనిషిని 600 మి.మీ. తక్కువ ఎత్తుకి ఎత్తితే చాలు. కత్తి అక్కడే పుష్‌పిట్‌కి కట్టి ఉంది.

మొదట 3 మి.మీ. దారం నాలుగు చుట్లు. బిగించిన రోజు దిగుడు 40 మి.మీ., వారం తర్వాత చూస్తే 70. తీగ సాగలేదు, చుట్లూ ముడులూ సర్దుకున్నాయి. 4 మి.మీ. దారం, ఆరు చుట్లు, బిగించి, రెండు రోజులాగి మళ్లీ బిగిస్తే 38 దగ్గర నిలబడింది. 2 మీటర్ల స్పాన్‌లో 4 కిలోలకి 40 మి.మీ. దిగిందంటే తీగలో టెన్షన్ సుమారు 50 కిలోలన్నమాట. అంతకన్నా వీణ తీగలా బిగించి ఉపయోగం లేదు, పల్పిట్‌ని రోజంతా ఊరికే లాగుతూ ఉంటుంది.

పాప కోసం ముందు భాగంలో రెండు తీగలకీ నైలాన్ వల అల్లాం. అల్లింది పాపే, నేను ముడులు సరిచూశాను.

ఖర్చు: తీగ 148, గేటు కొక్కేలతో సహా ఫిట్టింగులు 412, పరికరం అద్దె 30, దారం 22, వల 96. మొత్తం: 1636.

దశ 5: జాక్‌లైన్లు, టెథర్లు

రెయిలింగ్ ఎంత బాగున్నా అది చివరి అడ్డే. దానిదాకా వెళ్లకుండా ఆపేది ఒంటి మీద హార్నెస్ అనే పట్టీల తొడుగు, దానికి టెథర్ అనే కొక్కెం ఉన్న పొట్టి పట్టీ, ఆ కొక్కెం తగిలించడానికి డెక్ మీద ముందునుంచి వెనకవైపుకి పరిచిన జాక్‌లైన్ అనే పొడవాటి పట్టీ.

టెథర్ ఉంటే సరిపోదు, ఎంత పొడవు, ఎక్కడ తగిలించాం అన్నది ముఖ్యం. 2011లో ఇంగ్లీష్ చానెల్‌లో లయన్ అనే రేసు పడవ నుంచి పడిన స్కిప్పర్ టెథర్ తగిలించుకునే ఉన్నాడు. పడవ పక్కన ఈడ్చుకుపోతూ మునిగి చనిపోయాడు. అది చదివాకే డెక్ అంచున జాక్‌లైన్ వేసే ఆలోచన మానుకున్నాను.

జెట్టీ దగ్గర పరీక్ష చేశాం. నాలుగు 20 లీటర్ల నీళ్ల డబ్బాలు కలిపి కట్టి, హార్నెస్ తొడిగి, పక్క డెక్ మీద పరిచిన 6 మీటర్ల జాక్‌లైన్ మధ్యలో టెథర్ తగిలించి, రెయిలింగ్ మీదుగా తోశాం.

1. 2 మీటర్ల టెథర్: డబ్బాలు సగం నీళ్లలో. మనిషైతే ఛాతీ నీటిమట్టం దగ్గర ఉంటుంది.
2. 1 మీటరు టెథర్: రెయిలింగ్ దాటాయి గానీ డెక్ అంచు దగ్గరే వేలాడాయి. ఎందుకు దాటాయంటే, బరువుకి జాక్‌లైన్ మధ్యలో 300 మి.మీ. పక్కకి వంగింది.
3. జాక్‌లైన్‌ని క్యాబిన్ పైకప్పు అంచుకి జరిపి, 1 మీటరు టెథర్: రెయిలింగ్ దాటలేదు.

మూడోదే ఖాయం చేశాం. జాక్‌లైన్ పుష్‌పిట్‌కి 2 మీటర్లు ముందే ఆగిపోతుంది, వెనకనుంచి పడి ఈడ్చుకుపోయే అవకాశం లేకుండా.

ఆ 300 మి.మీ. వంపులో ఇంకో లెక్క ఉంది. 80 కిలోలకి 6 మీటర్ల లైను మధ్యలో అంత వంగితే, చివర్ల మీద పడేది సుమారు 400 కిలోలు. ఇంకా బిగిస్తే ఇంకా ఎక్కువ. అందుకే 25 మి.మీ. పాలియెస్టర్ పట్టీ వాడాను (నిబంధన 20 కిలోన్యూటన్లు, అంటే 2040 కిలోలు తట్టుకోవాలి), జాక్‌లైన్ చివర్లు కట్టే కొక్కేలకి కూడా దశ 2లో చేసినట్టే ఎపాక్సీ, జీ10 పలకలు. గుండ్రటి తాడు వద్దు, కాలి కింద దొర్లుతుంది. పట్టీని ఎండలో వదిలేయకుండా ప్రతిసారీ తీసి లోపల పెడతాం.

ఇంకొకటి తప్పకుండా చూసుకోండి. 2017 నవంబరులో ప్రపంచాన్ని చుట్టే క్లిప్పర్ రేసులో సీవీ30 పడవ మీద ఒక సెయిలర్ టెథర్ కొక్కెం డెక్ మీది క్లీట్ (తాళ్లు చుట్టి కట్టే రెండు కొమ్ముల లోహపు ముక్క) కింద ఇరుక్కుంది, పక్కనుంచి లాగుడు పడి వంగి తెరుచుకుంది, ఆయన చనిపోయాడు. కొక్కెం బలమంతా పొడుగునే, పక్కకి కాదు. నా టెథర్ కొక్కేన్ని డెక్ మీద ప్రతి క్లీట్ దగ్గరా ఈడ్చి చూశాను. ముందు క్లీట్లు రెండింటి కింద సరిగ్గా దూరి పట్టేసింది. ఇప్పుడు ఆ సందుల్లో తాడు బిగించి చుట్టి ఉంది, కొక్కెం దూరదు.

ఖర్చు: కొక్కేలు 104, పట్టీ 31, టెథర్లు మూడు 294. మొత్తం: 2065.

దశ 6: కాలు జారకుండా

బూటులో బరువు పెట్టి మొత్తం 5 కిలోలు చేసి, తడి డెక్ మీద కాటాతో లాగాను. పాత డెక్ మీద 2 కిలోలకే కదిలింది, అంటే పడవ 22 డిగ్రీలు ఒరిగితే బూటు తనంతట తానే జారుతుంది. మా మెరీనాకి దగ్గర్లోని వెస్ట్ పాయింట్ కొన దగ్గర గాలికి ఎదురు పోటు నడిచే రోజున 25 డిగ్రీలు మామూలే. ముందు కిటికీ మూత, నున్నటి యాక్రిలిక్, దాని మీద 1.2 కిలోలు, 13 డిగ్రీలు. తెరచాప మార్చడానికి వెళ్లే దారిలో సరిగ్గా కాలు పడేది దాని మీదే.

గరుకు టేపు అంచులు వానకి లేచిపోయాయి, తీసేశాను. చిక్కటి గరుకు రంగు, గుంటల రోలర్‌తో. మొదటి ముక్కలో గరుకు మరీ ఎక్కువై మోకాళ్లు గీసుకుపోయాయి, సగం ఆరాక పొడి రోలర్ ఇంకోసారి తిప్పితే మొనలు తగ్గాయి. ఇప్పుడు తడి మీద 4.1 కిలోలు, 39 డిగ్రీలు. మూత మీద అదే రంగు మూడు పట్టీలు.

ఖర్చు: రంగు 158, రోలర్లు, టేపు 27. మొత్తం: 2250 డాలర్లు.

మిగిలినవి

వెనక నిచ్చెనని నీళ్లలోంచి లాగి దించుకునేలా దానికి ఒక తాడు కట్టాను, ముడి నీటిమట్టానికి చేయి అందే ఎత్తులో. దించితే రెండు మెట్లు నీటి కింద ఉంటున్నాయి, మూడోది ఉంటే బాగుండు, పొడిగింపు చేయించాలి. పల్పిట్ బోల్టులు ఇంకా విప్పలేదు. కొత్త తీగల లాగుడంతా చివరికి వాటి మీదే పడుతోంది, సుత్తికి గట్టిగానే మోగుతున్నా కింద ఉన్నవి ఆ పాత వాషర్లే. జీ10 షీటులో రెండు ముక్కలు వాటికే మిగిల్చాను, రాత్రులు 10 డిగ్రీలు దాటాక మొదలు. ఈలోగా ముందు తీగల టెన్షన్ కొంచెం వదులు చేసి 48 మి.మీ. దగ్గర ఉంచాను.